శివారు గది

కంటికి కనబడనిదంతయు లేనిదని చెప్పరాదు. గాలి కనబడదు, ఆకు కదలినప్పుడు దాని యునికి తెలియును. పూలతావి కనబడదు, అయినను వాకిట విరిసిన మల్లె వీధిని పోవువానిని ఒక్క క్షణము నిలుపును. విద్యుదయస్కాంత తరంగములు అట్టివే. ఇట్టి తరంగములు ఉండవలెనని మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు 1865లో గణితముచే ఊహించి చెప్పెను. హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1888 నాటికి వానిని ప్రయోగశాలలో పుట్టించి చూపెను. మన దేశమున జగదీశ చంద్ర బోసు 1890ల దశకములో, కలకత్తా నగరమున, పెద్దలు చూచుచుండగా వానిని గోడల గుండ పంపి దూరముననున్న గంటను మ్రోగించెను. నేడు ఇంటింట కనబడు వైఫై ఆ వంశమునకు చెందినదే. ఆ తరంగములను ఇంటినుండి తోటలోనికి కొనిపోవలసి వచ్చిన ఒక కుటుంబపు వృత్తాంతమిది. వారు వినోదమునకై ఆ పనికి పూనుకొనలేదు.

కోనసీమలోని ఒక గ్రామమున కాలువగట్టు ప్రక్క నొక పాత పెంకుటిల్లు కలదు. దాని గోడలు ఇటుకతోను సున్నముతోను కట్టినవి. ఒక్కొక్కటి మూరెడు మందము. ఇంటి వెనుక కొబ్బరితోట. తోట చివర కాయలు దాచుకొను చిన్న గది. ఇంటికిని ఆ గదికిని నడుమ నలువది గజముల దూరము. ఇంటి పెద్ద నీటిపారుదల శాఖలో లస్కరుగా ముప్పది సంవత్సరములు పనిచేసి విశ్రాంతి గైకొనిన వృద్ధుడు. కాలువగట్లు కాచుట, తూములు ఎత్తుట, దించుట, ఏ చేనికి నీరందెనో ఏ చేనికి అందలేదో చూచుట ఆయన వృత్తి. ఇంటిలో ఆయనయు, ఆయన భార్యయు, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలును ఉండిరి. బాలిక తల్లిదండ్రులు కువైట్‌లో పని చేయుచుండిరి. వృద్ధదంపతుల కుమార్తె విశాఖపట్టణమున వైద్యురాలు.

2021వ సంవత్సరము మే నెలలో కరోనా వ్యాధి రెండవమారు విజృంభించి ఊరూరికి ప్రాకెను. నాయనమ్మగారికి జ్వరము తగిలెను. పరీక్ష చేయగా ఆ వ్యాధియే యని తేలెను. తీవ్రత లేదు కనుక ఇంటనే విడిగా నుండవచ్చునని స్థానిక వైద్యులు చెప్పిరి. ఆమె ఎవరి సలహాకును ఎదురుచూడలేదు. "ముసలాయన ఒకవైపు, పసిపిల్ల ఒకవైపు. నా జ్వరం వాళ్ళకు అంటనిస్తానా?" అని తానే కొబ్బరికాయల గదిలో మంచము వేయించుకొని వెళ్ళిపోయెను. తాతగారు ముఖమునకు గుడ్డ కట్టుకొని మూడుపూటల భోజనము గది మెట్టుపై నుంచి దూరముగా నిలిచి పలుకరించి వచ్చుచుండిరి.

కుమార్తె పనిచేయు ఆసుపత్రి రోగులతో నిండియున్నందున ఆమె రాలేకపోయెను. "నాన్నా! ఉదయం, సాయంత్రం అమ్మ ముఖం నాకు చూపించండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరులో అంకె నా కంటితో నేను చూడాలి. తొంబై నాలుగుకంటే తగ్గితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు" అని ఆమె ఫోనులో చెప్పెను. కాని ఆ తోటలో సెల్ ఫోను టవరు బలము అంతంతమాత్రము; మాట వినబడును, బొమ్మ రాదు. ఇంటిలోనికి గాజుతీగ ద్వారా ఇంటర్నెట్ వచ్చుచుండెను గాని దాని వైఫై పెరటి గుమ్మము దాటునప్పటికే సన్నగిల్లెను. అందుచేత నాయనమ్మగారు మాటతోనే సరిపెట్టుచుండిరి. "బాగానే ఉన్నానే తల్లీ. ఇప్పుడే చూశాను, తొంబై ఏడు" అని చెప్పుచుండిరి. కుమార్తెకు నమ్మకము చిక్కలేదు. తనకు ఒంటిలో బాగులేదని తల్లి నోట ఆమె ఏనాడును విని యెరుగదు.

"తాతయ్యా! ఇంతకంటే బలమైన రౌటరు కొందాము" అని మనుమరాలు పలికెను. ఆ దినములలో రాష్ట్రమున పగటి కర్ఫ్యూ యుండెను; మే 5వ తేదీ మొదలు దుకాణములు మధ్యాహ్నము పండ్రెండు గంటలకే మూయబడుచుండెను. పట్టణమునకు పోయివచ్చుట సులభము కాదు. తాతగారు కొంతసేపు ఆలోచించి ఇట్లనిరి: "అమ్మలూ! శివారు రైతు వచ్చి 'నా చేనికి నీళ్ళు రావడం లేదు' అంటే నేను వెంటనే లాకులు ఎత్తించమని అడిగేవాడిని కాను. ముందు కాలువ వెంట నడిచేవాడిని. ఎక్కడో గట్టు గండిపడి ఉంటుంది, లేదా గుర్రపుడెక్క అడ్డుపడి ఉంటుంది. పద, మనమూ నడుద్దాము."

వారి నడక ఆ సాయంకాలమే మొదలయ్యెను. తరంగబలమును అంకెలలో చూపు సాధనమొకటి బాలిక ఫోనులో నుండెను. ఆ అంకెలు ఋణసంఖ్యలు. సున్నకు దగ్గరగా నున్నకొలది బలము హెచ్చు. అంకె పది దిగినచో బలము పదవ వంతునకు పడిపోవును. రౌటరు చెంత −35 చూపెను. నడిమి గదిలో −55, పెరటి గుమ్మమున −70, మల్లెపందిరి క్రింద −82 వచ్చెను. కాయల గది ముంగిట −90 చూపి అదియు మాయమయ్యెను. బాలిక ఈ అంకెలన్నియు లెక్కల పుస్తకము వెనుక పుటలో వ్రాసికొనెను.

తరువాత వారు అడ్డంకులను వెదకిరి. రౌటరు వీధిగదిలో నేలకు జేనెడెత్తున నుండెను. తీగ ఎచట లోనికి వచ్చెనో అచటనే దానిని బిగించి పోయిరి. దాని ముందు ఇనుప బీరువా, బీరువాకు నిలువుటద్దము. లోహము తరంగములను దాటనీయక వెనుకకు త్రోసివేయును. అద్దము వెనుక పూత కూడ లోహమే. ఆపై రెండు మూరెడు గోడలు. పెరటి తలుపునకు దోమలు రాకుండ బిగించిన సన్నని ఇనుప జాలి. వైఫైలో ఎక్కువ దూరము పోవు తరంగముల నిడివి ఇంచుమించు పండ్రెండు సెంటీమీటర్లు. గాలి సులువుగా దూరు ఆ జాలి కన్నములు వానికి మూసిన తలుపు వంటివి. తోటలో ఆకుల తడియు వానిని కొంత పీల్చుకొనును.

"రౌటరు ఇంకొంచెం గట్టిగా అరిస్తే సరిపోదా, తాతయ్యా?" అని బాలిక మరల అడిగెను. ఆ ప్రశ్నకు జవాబును ఆమెయే పుస్తకములలో వెదకి తెలిసికొనెను. ఈ తరంగములను ప్రతి ఇంటివారును అనుమతి పత్రము లేకయే వాడుకొనవచ్చునని మన దేశమున 2005లో నియమము చేసిరి. ఒకరి తరంగము ఇంకొకరి పనికి అడ్డు రాకుండ దాని బలమునకు హద్దు కూడ పెట్టిరి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. సంభాషణకు ఇద్దరుండవలయును. రౌటరు ఎంత గట్టిగా పలికినను, చేతిలోని ఫోను బదులు పలుకవలయును గదా! దాని గొంతు చిన్నది. వినబడుట ఒక్కటియే చాలదు, వినుటయు జరుగవలయును.

మరునాడు వారు పనిలోనికి దిగిరి. గోడకు చుట్టియున్న గాజుతీగ మిగులును ఎక్కడను మడత పడకుండ మెల్లగా విప్పిరి. మడత పడినచో లోపలి వెలుగు చెదరిపోవును. రౌటరును వెనుకగదికి మార్చి, జాలి లేని కొయ్యకిటికీ ప్రక్క, తలకు మించిన ఎత్తున బల్లపై నుంచిరి. దాని కొమ్ములను నిలువుగా నిలిపిరి. తరంగము కొమ్ము కొననుండి గాక, దాని ప్రక్కలనుండి నలువైపుల వ్యాపించును. రెండు విధముల తరంగములలో వేగము హెచ్చుగా నున్నను త్వరగా నీరసించు దానిని విడిచి, వేగము తక్కువైనను దూరము పోవు దానిని ఎన్నుకొనిరి. ఒక్క పైస ఖర్చు కాలేదు. కాయల గది ముంగిట −90 పోయి −78 వచ్చెను. బొమ్మ కనబడెను, కాని నిమిషమునకొకమారు నిలిచిపోవుచుండెను.

ప్రక్క యింటివారు మేడగదికై కొనిన రిపీటరు అను చిన్న సాధనమును ఎరువిచ్చిరి. అది ఒక తరంగమును విని, దానినే మరల పలుకును. బాలిక దానిని నాయనమ్మ గదిలోనే పెట్టబోయెను. తాతగారు వారించిరి. "నీళ్ళు లేనిచోట ఇంజను పెడితే ఏం తోడుతుంది? నీళ్ళున్నంత దూరం వచ్చి, అక్కడ పెట్టాలి." నడుమనున్న పశువులపాకలో −66 వచ్చుచుండెను, దీపమునకై వేసిన కరెంటు కూడ కలదు. వాన పడని మూల దానిని తగిలించిరి. వినుట, పలుకుట రెండును ఒక్కటే చేయవలసియున్నందున వేగము సగమునకు తగ్గెను. అయినను వారి యక్కరకు అది చాలును. కాయల గదిలో −62 వచ్చెను.

అది నాయనమ్మగారు గదిలోనికి పోయిన ఆరవనాటి సాయంకాలము. కుమార్తె ముఖము ఫోనులో స్పష్టముగా కనబడెను. "అమ్మా! ఆక్సీమీటరు వేలికి పెట్టుకుని ఫోను ముందుకు తీసుకురా" అని ఆమె కోరెను. నాయనమ్మగారు మొదట మాట మార్చిరి. పిదప చేయి చాచిరి. అంకె 91. గది వెలుపల నిలిచియున్న తాతగారికి ఎవరి మాటయు వినబడలేదు. కొంతసేపటికి కుమార్తె, "నిన్న తొంబై ఏడని చెప్పావు కదమ్మా?" అని మెల్లగా అడిగెను.

"మీరందరూ కంగారు పడతారని..." అని ఆమె మాట పూర్తిచేయలేదు. పూర్తిచేయుటకు ఊపిరి చాలలేదని కుమార్తె గ్రహించెను. 108 వాహనమునకు కబురు పోయెను. ఆ రాత్రియే ఆమెను పట్టణములోని ఆసుపత్రికి చేర్చి ప్రాణవాయువు పెట్టిరి. పదునొకండు దినముల పిమ్మట ఆమె నీరసించియు నవ్వుచు ఇంటికి వచ్చెను.

ఎరువు తెచ్చిన సాధనమును వారు కృతజ్ఞతతో తిరిగి ఇచ్చివేసిరి. వానలు వెలిసిన తరువాత తాతగారు స్థిరమైన ఏర్పాటు చేయించిరి. కాలువకు పిల్లకాలువ వలె, ఇంటినుండి గదివరకు పీవీసీ గొట్టములో తీగను పాతిపెట్టించిరి. రాగితీగ నూరు మీటర్ల వరకు పనికివచ్చునని తెలిసియు ఆయన గాజుతీగనే ఎన్నుకొనిరి. కొబ్బరిచెట్లపై పిడుగు పడుట ఆయన యెన్నియో మారులు చూచియుండిరి. లోహము లేని గాజుతీగ వెంట పిడుగు ఇంటిలోనికి పరుగెత్తజాలదు. చూరు క్రింద వానకు ఓర్చు పెట్టె నొకటి బిగించి, దానికి సంకేతపదము పెట్టించిరి.

"తోటలోకి వైఫై ఎందుకండీ, కొబ్బరిచెట్లు సినిమాలు చూస్తాయా?" అని ఊరివా రొకరు పరిహాసమాడిరి. తాతగారు నవ్వి, "కాలువ మొగలో నీరు నిండుగా ఉంటే ఏం లాభం? శివారుకు అందినప్పుడే అది నీరు" అనిరి. లస్కరుగా ఆయన నేర్చినదంతయు ఆ మాటలోనే యున్నది. నడువక, కొలువక, అడ్డమేదో తెలిసికొనక మరింత నీటికై లాకులెత్తించుట వృథా. ఆ ఇంట దొరికిన ఉపాయములలో పెక్కు డబ్బుతో కొనినవి కావు, వెదకి తెలిసికొనినవి.

కాయల గది ముంగిట నేడొక అరుగు కలదు. సాయంకాలము నాయనమ్మగారు దానిపై కూర్చుండి మల్లెలు కట్టుచుందురు. కుమార్తె ముఖము ఫోనులో కనబడగనే, ఎవరును అడుగకమునుపే, వేలికి ఆక్సీమీటరు తగిలించుకొని ముందునకు చాచి, "ఇదుగో చూసుకో. ఇక నా మాట నమ్మనక్కరలేదు" అని నవ్వుదురు.