మొదటి మాత్రకు ముందు



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసి, విరమణానంతరం మంగినపూడిలో స్థిరపడిన నా వద్దకు నేటికీ కొందరు సందేహాలతో వస్తుంటారు. వారిలో ట్రాన్స్ మహిళలు ఉన్నారు, వారి తల్లిదండ్రులూ ఉన్నారు. "డాక్టరు గారూ, ఇది పుట్టుకతో వచ్చినదేనా? పరీక్ష చేయిస్తే తేలుతుందా?" అన్నది వారు తరచుగా అడిగే ప్రశ్న. పైకి ఇది వైద్యప్రశ్న. దాని అడుగున "నా బిడ్డ మాట నేను నమ్మవచ్చునా?" అనే మరొక ప్రశ్న ఉన్నదని నా అనుభవం. ఈ రెంటినీ విడదీసి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రెండు పదాల అర్థం తెలుసుకుందాము. పుట్టినప్పుడు మగశిశువుగా నమోదై, తన్ను తాను స్త్రీగా ఎరిగిన వ్యక్తి ట్రాన్స్ మహిళ. ఇది మనసుకు తెలిసిన సంగతి. ఇంటర్‌సెక్స్ అన్నది శరీరానికి సంబంధించినది. క్రోమోజోములు, బీజగ్రంథులు, హార్మోన్లు, జననాంగాలు, వీటిలో ఏదో ఒకటి సాధారణ స్త్రీ పురుష నిర్మాణానికి భిన్నంగా ఏర్పడడమే ఆ స్థితి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం ఈ ఇద్దరినీ ఒకే నిర్వచనంలో చేర్చింది. వైద్యదృష్టిలో మాత్రం ఇవి వేరు. అయితే ఒకే వ్యక్తిలో రెండూ ఉండవచ్చు. చిక్కు అక్కడే వస్తున్నది.

గర్భంలో తొలి ఆరువారాలు ఆడ, మగ పిండాల బీజగ్రంథులు ఒకే విధంగా ఉంటాయి. వై క్రోమోజోముపై ఉన్న ఒక జన్యువు పనిచేస్తే అవి వృషణాలవుతాయి. ఎస్‌ఆర్‌వై అనే ఆ జన్యువును శాస్త్రజ్ఞులు 1990లో గుర్తించారు. వృషణాలు స్రవించే ఒక హార్మోను గర్భాశయం ఏర్పడకుండా ఆపుతుంది. మరొకటి, అంటే టెస్టోస్టెరోన్, పురుషాంగాలను తీర్చుతుంది. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా ఒక్కొక్క రకమైన ఇంటర్‌సెక్స్ స్థితి కలుగుతుంది.

వీటిలో తరచుగా కనిపించేది క్లైన్‌ఫెల్టర్ స్థితి. 1942లో హ్యారీ క్లైన్‌ఫెల్టర్ దీనిని వర్ణించగా, ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండడమే కారణమని 1959లో తేలింది. సుమారు ఆరువందల మంది మగశిశువులలో ఒకరికి ఇది ఉంటుంది. వారిలో అధికులకు జీవితాంతం తెలియనే తెలియదు. ఇది వంశపారంపర్యం కాదు. అధివృక్క గ్రంథిలో ఒక ఎంజైము లోపించే జబ్బు, టెస్టోస్టెరోన్‌ను మరింత బలమైన రూపంలోకి మార్చే ఎంజైము లోపించే జబ్బు మాత్రం తల్లి, తండ్రి ఇద్దరి నుండీ లోపమున్న జన్యువు అందినప్పుడు వస్తాయి. మేనరికాలు నేటికీ సాగుతున్న మన జిల్లాలలో ఇది గమనించవలసిన విషయం.

కొన్నేళ్ళ క్రితం గుడివాడ వైపు నుండి ముప్పై యేళ్ళ ట్రాన్స్ మహిళ ఒకామె వాచిన కాలితో నా వద్దకు వచ్చింది. స్నేహితురాలి సలహా మీద మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని, రోజుకు మూడు నాలుగు చొప్పున ఏడాదిగా మింగుతున్నది. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ మాత్రలలోని ఈస్ట్రోజెన్ రకం రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఎక్కువగా గలది. వెంటనే విజయవాడకు పంపి చికిత్స చేయించాము.

కోలుకున్న తరువాత వివరంగా మాట్లాడాను. పద్నాలుగో యేటనే, ఏ మాత్రా వేసుకోకముందే, రొమ్ములు వచ్చాయని చెప్పింది. మీసం మొలవలేదు. వృషణాలు చిన్ననాటి పరిమాణంలోనే ఉండిపోయాయి. చేతులు, కాళ్ళు పొడవు. క్రోమోజోముల పరీక్షకు పంపితే 47, ఎక్స్‌ఎక్స్‌వై అని వచ్చింది. క్లైన్‌ఫెల్టర్ స్థితిలో రక్తం గడ్డకట్టే ముప్పు సహజంగానే కొంత ఎక్కువ. ఎముకలు పలుచబడడం, మధుమేహం, రొమ్ము క్యాన్సరు కూడా ఇతర పురుషులకంటే ఎక్కువ. ఆమెకు ఏ మందు ఇవ్వాలి, ఏ రూపంలో ఇవ్వాలి అన్న నిర్ణయం ఈ ఫలితంతో మారిపోయింది. మాత్రల బదులు చర్మం మీద రాసే ఈస్ట్రోజెన్‌ను, రక్తం గడ్డకట్టకుండా చూసే మందుతో పాటు, హార్మోన్ల నిపుణులు మొదలుపెట్టారు.

ఆ కాగితం చూసి ఆమె తల్లి ఏడ్చింది. "అయితే వీడు అబద్ధం ఆడలేదన్నమాట" అన్నది. అంతవరకు పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మేనకోడలిని ఇచ్చే మాట నడుస్తున్నది. అది ఆగిపోయింది. రెండు జీవితాలు నిలిచాయి.

ఇక్కడితో ఆపితే ఇది సుఖాంతమైన కథ. మరుసటి సంవత్సరం దివిసీమ నుండి రొయ్యల చెరువుల మీద పనిచేసే తండ్రి ఒకాయన, ఇరవై నాలుగేళ్ళ తన బిడ్డను వెంటబెట్టుకొని అదే పరీక్ష కావాలని వచ్చాడు. ఆ పిల్ల కూడా చిన్ననాటి నుండి తాను ఆడపిల్లననే చెబుతున్నది. పరీక్షించి చూస్తే ఇంటర్‌సెక్స్ స్థితిని సూచించే లక్షణం ఒక్కటీ లేదు. పరీక్ష అవసరం లేదని చెప్పినా తండ్రి వినక, సొంత ఖర్చుతో చేయించాడు. 46, ఎక్స్‌వై. హార్మోన్లు సాధారణం. "చూశారా, మగవాడే!" అని కాగితాన్ని బిడ్డ ముందు పెట్టాడు.

నేను ఆయనతో ఇట్లా అన్నాను: "మట్టి పరీక్ష చేయిస్తే నీ పొలంలో చౌడు ఎంత ఉన్నదో చెబుతుంది. ఆ పొలం ఎవరిదో చెప్పదు." ఆయన బదులు పలకలేదు. ఆ నెలలోనే ఆ పిల్ల ఊరు విడిచింది. ఇప్పుడు ప్రతి మూడు నెలలకూ ఫోను చేసి, తన పొటాషియం రిపోర్టు చదివి వినిపిస్తుంది. నాన్న ఎట్లా ఉన్నాడని అడుగుతుంది.

ఒకే రకమైన కాగితం ఒక ఇంట్లో తలుపు తెరిచింది, మరొక ఇంట్లో మూసింది. ఇద్దరు పిల్లలూ చెప్పిన మాట మాత్రం ఒక్కటే. అందువలన పాఠకులు గ్రహించవలసినది ఏమనగా, ట్రాన్స్ మహిళలలో అత్యధికుల క్రోమోజోములు సాధారణంగానే ఉంటాయి. అంతమాత్రాన వారి మాట అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీనిని మానసిక రుగ్మతల జాబితా నుండి తొలగించింది. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పులో, ఎవరి లింగగుర్తింపును వారే నిర్ణయించుకునే హక్కును అంగీకరించింది. ఆ తీర్పు ఎవరినీ క్రోమోజోముల కాగితం తెమ్మనలేదు.

మరి పరీక్ష ఎవరికి అవసరం? వృషణాలు సంచిలో తగలనివారికి. అవి మరీ చిన్నవిగా ఉండిపోయినవారికి. యుక్తవయసు రాకపోయినా, ఆలస్యమైనా. మందులు లేకుండానే రొమ్ములు పెరిగినవారికి. మూత్రద్వారం స్థానం తప్పి ఉన్నవారికి. నెలనెలా మూత్రంలో రక్తం కనిపించేవారికి. పసితనంలో జననాంగాలకు శస్త్రచికిత్స జరిగినవారికి. కడుపులో నిలిచిపోయిన వృషణానికి క్యాన్సరు ముప్పు ఉన్నది. అధివృక్క గ్రంథి లోపమున్నవారికి జ్వరంలోనో, శస్త్రచికిత్సలోనో ప్రాణాపాయం కలుగవచ్చు. ఇవి తెలుసుకోవడం ప్రాణరక్షణ కోసమే.

ఈ పరిశీలన హార్మోన్లు మొదలుపెట్టడానికి ముందే జరగాలి. కారణం సులభమే. ఈస్ట్రోజెన్ వాడినవారికి వృషణాలు కుంచించుకుపోతాయి, రొమ్ములు పెరుగుతాయి, పీయూష గ్రంథి హార్మోన్లు పడిపోతాయి. రోగనిర్ణయానికి పనికివచ్చే ఆనవాళ్ళన్నీ మందు చాటున మరుగునపడతాయి. క్రోమోజోములు మారవు గాని, వాటిని పరీక్షించాలన్న ఆలోచనే వైద్యునికి కలగదు.

కనుక మొదటి మాత్రకు ముందు రక్తపోటు, చక్కెర, కొవ్వులు, కాలేయం, మూత్రపిండాలు, పొటాషియం, టెస్టోస్టెరోన్, పీయూష గ్రంథి హార్మోన్లు చూపించుకోవాలి. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి మళ్ళీ చూపించాలి. స్పైరనోలాక్టోన్ వాడేవారిలో పొటాషియం పెరగవచ్చు. సైప్రోటెరోన్ ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడితే మెదడు పొరలలో గడ్డలు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. పొగ తాగడం మానాలి. రొమ్ముల పెరుగుదలకు రెండు మూడేళ్ళు పడుతుంది. మోతాదు రెట్టింపు చేస్తే త్వరపడదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. గొంతు మారదు. సంతానశక్తి శాశ్వతంగా పోవచ్చు గనుక ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. వృషణాలు తొలగించుకున్నవారు హార్మోన్లు పూర్తిగా మానేస్తే ఎముకలు గుల్లబారుతాయి.

ఇదంతా చేయించుకునే చోటు దొరకకనే వారు మందుల దుకాణాన్ని ఆశ్రయిస్తున్నారు. 2021లో హైదరాబాదులో మొదలైన మిత్ర్ క్లినిక్ వంటి మంచి ప్రయత్నం కూడా, అమెరికా సహాయం నిలిచిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడింది. విదేశీ నిధులు ఆగినా ఆగని సేవ మన ప్రభుత్వ ఆసుపత్రులలోనే సాధ్యం. 2023 నుండి బందరులో ప్రభుత్వ వైద్యకళాశాల నడుస్తున్నది. అక్కడ చదువుకునే యువవైద్యులు, తమ ఎదుట కూర్చున్న వ్యక్తిని ఏ పేరుతో పిలవాలో అడిగి, ఆ పేరుతోనే పిలిచి, తరువాత నాడి పట్టుకోవాలని ఈ ముసలి వైద్యుని కోరిక. మర్యాద దొరికిన చోటనే రోగి నిజం చెబుతాడు. నిజం చెప్పినప్పుడే రోగనిర్ణయం జరుగుతుంది.

తల్లిదండ్రులకు చివరిమాట. పరీక్ష అవసరమైతే తప్పక చేయించండి. ఆ ఫలితాన్ని వైద్యుని చేతికివ్వండి. దానితో బిడ్డకు తీర్పు చెప్పకండి.