నోటికి కావలి

మేము పుట్టి పెరిగినది కోలారు బంగారు గనులలో. మా తాతలు చిత్తూరు జిల్లా నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చి గని లైన్లలో కాపురం పెట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కచేరీలో కన్నడం. మూడూ మాకు ఇంటి భాషలే అయిపోయినవి.

ఈ మూడు భాషలకూ ఒక చిత్రమైన తోక ఉన్నది. తెలుగులో ‘వచ్చినాడంట’ అంటాము. తమిళంలో ‘వందానాం’, కన్నడంలో ‘బందనంతె’. చెప్పేవాడు తాను చూడలేదనీ, ఎవరో చెప్పగా విన్నాడనీ ఆ తోక చెబుతుంది. వ్యాకరణం ప్రకారం అది నిజాయితీ గల మాటే. కాని దొంగ సరుకు దాటించడానికి ఇంతకన్న మంచి గోనెసంచి మాకు తెలియదు. “నేనన్నానా? అన్నారంట అన్నాను” అని చేతులు దులుపుకోవచ్చును గదా!

మా ఇంటి పెద్దాయన, అంటే మాలో ఒకరికి తండ్రి, మరొకరికి మామగారు, గని బావి దగ్గర గంట కొట్టే పని చేసేవారు. కూలీలను లోపలికి దించే బోను ఎక్కడ ఉన్నదో పైన ఇంజిను నడిపేవాడికి కనబడదు. అతనికి గంటే దిక్కు. ఇన్ని దెబ్బలైతే దించమని, ఇన్నయితే ఎత్తమని, ఒక్క దెబ్బ తప్పితే మనుషుల ప్రాణాలు. చాంపియన్ రీఫ్ బావి మూడు వేల మీటర్లకు పైగా లోతు. ప్రపంచంలోని మిక్కిలి లోతైన గనులలో ఒకటిగా పేరు పొందినది. అంత లోతున ఉన్నవారి బ్రతుకు ఆయన చేతిలోని తాటికి వ్రేలాడేది. ఆ పని వల్లనో, స్వభావం వల్లనో, ఆయన ఇంట్లో కూడా లెక్కపెట్టి మాట్లాడేవారు. మేము ఏదైనా సమాచారం మోసుకొని వస్తే ఒకే ప్రశ్న అడిగేవారు: “నువ్వు చూసినావా?” లేదంటే మళ్ళీ పేపరులో తల దూర్చేవారు. మాకు అప్పట్లో అది మొరటుగా తోచేది. ముసలాయనకు లోకం పట్టదని నవ్వుకొనేవాళ్ళం.

ఆయన పోయినారు. 2001 ఫిబ్రవరి 28న గనులూ మూతబడినవి. నూట ఇరవై ఏండ్ల నుంచి మోగుతున్న కూత ఆగిపోయినది. జీతాలు లేవు. పడుచువాళ్ళు మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరికి పనులకు పోయి రాత్రికి తిరిగి వచ్చేవారు. ఇండ్లలో ఉన్నవాళ్ళకు కొళాయి దగ్గర నిలబడడమే పని. బేతమంగళం చెరువు నీళ్ళు వచ్చే వేళకు బిందెలు వరుసగా పెట్టి, నీళ్ళు వచ్చేదాకా నోళ్ళు ఊరుకుంటాయా?

మా సంఘంలో ఒక సమాధి నిధి ఉండేది. ఇంటికి నెలకు పది రూపాయలు. ఎవరు చనిపోయినా పెట్టెకు, గుంట తవ్వే కూలికి అందులో నుంచి ఇవ్వడం. దానికి కోశాధికారి మా లైనులోని ఒక పెద్దాయనే. మేము ఆయనను ‘అన్నా’ అని పిలిచేవాళ్ళం. నెల మొదటి ఆదివారం ఆరాధన అయినాక ఆయన లెక్క చదివేవారు. 2002లో వరుసగా మూడు నెలలు ఆయన లెక్క చదవలేదు. అదే రోజుల్లో రాబర్ట్‌సన్‌పేటలోని ఒక కుదువ అంగడి మెట్లు ఆయన దిగుతూ ఉండగా మాలో ఒకరు చూచారు. (ఎవరని అడగవద్దు. ఆ విషయంలో ఇద్దరిదీ ఒకే నోరు.)

చూచినది అంతే. ఒక మనిషి, ఒక అంగడి, నాలుగు మెట్లు. మర్నాడు కొళాయి దగ్గర ఆ నాలుగు మెట్లు మా నోట నలభై అయినవి. “లెక్క ఎందుకు చదవడం లేదనుకున్నారు? నిధి డబ్బు వాడుకున్నాడంట. ఇప్పుడు దాన్ని పూడ్చేదానికి నగలు కుదువ పెడుతున్నాడంట.” ఆ ‘అంట’ ఎవరు అన్నదో ఎవరూ అడగలేదు. అడిగే ముసలాయన మట్టిలో ఉన్నారు. సాయంకాలానికి ఆ మాట తమిళంలో ‘ఆం’ తోకతోను, రెండో రోజుకు కన్నడంలో ‘అంతె’ తోకతోను లైన్లన్నీ తిరిగి, కొంచెం లావెక్కి, మళ్ళీ మా గుమ్మంలోకే వచ్చినది. మేము కొత్తగా విన్నట్టు “అయ్యో, అలాగా!” అన్నాము. ఈ ఒక్క ‘అయ్యో’కు మేము ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము.

తరువాతి ఆదివారం ఆయన లెక్క పుస్తకం తెచ్చి అయ్యగారి బల్లమీద పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయినారు. మరి గుడికి రాలేదు. నెల తిరగకముందే భార్యను తీసుకొని బెంగుళూరులో కూతురి ఇంటికి చేరుకున్నారు.

అయ్యగారు పుస్తకం చూడమని నలుగురిని పిలిచారు. అందులో మేమూ ఉన్నాము. వ్రాత ముత్యాల్లా ఉన్నది. గనులు మూతబడినప్పటి నుంచి చందా కట్టినవాళ్ళు పట్టుమని పది ఇండ్లు లేవు. ఆ మూడు నెలల్లో అయిదు చావులు. నిధిలో ఉన్నది రెండిటికి సరిపోయినది. మిగతా మూడింటికీ ‘సొంతం’ అని వ్రాసి పక్కన రకం వేసి ఉన్నది. పుస్తకం మధ్యలో కుదువ చీటీ: గొలుసు ఒకటి, ఆయన భార్య పేరున. చివరి పుటలో బాకీదార్ల జాబితా. అందులో మా పేరు నాలుగవది. ఏడు నెలలు.

లెక్క ఎందుకు చదవలేదో అప్పుడు అర్థమైనది. లెక్క చదివితే బాకీలూ చదవాలి. పని పోయిన సంసారాల పేర్లు పదిమందిలో చదవడం ఇష్టం లేక ఆయన నోరు కట్టుకున్నారు. ఆయన మాకోసం మూసుకున్న నోరు ఒకటి, ఆయనమీద మేము తెరచిన నోరు ఒకటి.

అయ్యగారు మమ్మల్ని పేరు పెట్టి ఏమీ అనలేదు. కాని ఆ వారం ప్రసంగం యాకోబు పత్రిక మూడవ అధ్యాయం మీద. గుఱ్ఱానికి కళ్ళెం, ఓడకు చుక్కాని, అడవికి చిన్న నిప్పురవ్వ. చిన్నప్పటి నుంచి వింటున్నవే. కాని ఒకే ఊటలో తీపి నీళ్ళూ చేదు నీళ్ళూ కలిసి ఊరవన్న సంగతి దగ్గర మాత్రం మాకు కొళాయే కళ్ళ ముందు నిలిచినది. ఆ ఉదయం కీర్తన పాడినదీ ఈ నోరే గదా. ఇంకొక కథ కూడా చెప్పారు. హిప్పో పట్టణపు బిషప్పు ఆగస్టీను (354–430) తన భోజనపు బల్లమీద, దగ్గర లేనివారిని నిందించేవారికి ఇక్కడ చోటు లేదన్న అర్థంతో పద్యం వ్రాయించి పెట్టుకున్నాడట. ఒకసారి తోటి బిషప్పులే అది మరచి మాట్లాడితే, ఆ పద్యమైనా చెరపాలి, లేకపోతే నేనే లేచి నా గదికి పోతాను అన్నాడట. ఈ ‘అట’కు మాత్రం సాక్షి ఉన్నాడు, ఆయనతో కలిసి బ్రతికిన పొసిడియస్ వ్రాసిన జీవితచరిత్రలో ఉన్నది. మాకూ అలా వ్రాయించాలని బుద్ధి పుట్టినది. కాని మా ఇంట్లో బల్ల ఎక్కడిది? చాప పరచుకొని తినేవాళ్ళం.

సహోదరుడు తప్పు చేసినాడనిపిస్తే మొదట నీవూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుకోమని ప్రభువు మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చెప్పినది మాకు కంఠోపాఠమే. ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పినవాళ్ళం. కొళాయినుంచి ఆయన ఇంటికి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు నడవనందుకు ఇప్పుడు నూరు కిలోమీటర్లు రైలులో పోవలసి వచ్చినది.

ఏడు నెలల చందా డెబ్బై రూపాయలు కవరులో పెట్టుకొని పోయినాము. దారి పొడుగునా ఏమి చెప్పాలో ఇద్దరమూ కూడబలుక్కున్నాము. ఎంత కూడబలుక్కున్నా ఎక్కడో ఒకచోట ‘అందరూ అంటున్నారని…’ అన్న మాట వచ్చి చేరేది. దాన్ని తీసివేయడానికి బంగారుపేట నుంచి వైట్‌ఫీల్డు దాకా పట్టినది. తీసివేసినాక మిగిలినది చాలా చిన్న మాట.

“అన్నా, ఆ మాట పుట్టించినది మేమే” అన్నాము.

ఆయన మంచం మీద కూర్చొని ఉన్నారు. చాలాసేపు ఊరకున్నారు. వదినగారు లోపలినుంచి కాఫీ తెచ్చి పెట్టి, మా మొగం చూడకుండా వెళ్ళిపోయినారు. ఆమె మెడలో పసుపుతాడు మాత్రమే ఉన్నది.

“నా దగ్గర చెప్పినారు, సంతోషం” అన్నారాయన. “కొళాయి దగ్గర చెప్పినారా?”

లేదన్నాము.

“అయితే అక్కడ చెప్పి రండి, తమ్ముడూ. ఇక్కడ నాకు తెలుసు గదా, నేను తీయలేదని.”

డెబ్బై రూపాయలు ముట్టలేదు, నిధికి కట్టమన్నారు.

కొళాయి దగ్గర చెప్పడం రైలెక్కినంత సులభం కాలేదు. మొదటి రోజు బిందె నింపుకొని చెప్పకుండానే వచ్చేశాము. రెండో రోజు చెప్పాము. తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి. కొందరు “ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయినాం” అన్నారు. అది నిజం కాదు. కొందరు “నిప్పు లేనిదే పొగ వస్తుందా?” అన్నారు. ఆ నిప్పు మా నోట్లోదేనని మళ్ళీ చెప్పవలసి వచ్చినది. పై వీధికి పోయేసరికి మాకంటే ముందే ఇంకొక మాట చేరి ఉన్నది: నిధి డబ్బు మేమే తిన్నామంట, పట్టుబడి ఒప్పుకుంటున్నామంట! నవ్వు రాలేదు గాని, కోపమూ రాలేదు. ఆయన కొన్ని నెలలు మోసినదాన్ని మేము ఒక వారం మోశాము.

సంఘం చందాలు పోగుచేసి గొలుసు విడిపించడానికి ఏడాదిన్నర పట్టినది.

ఈ రోజుల్లో కొళాయి దగ్గర గుంపు తగ్గినది. మా మనుమలు ఫోనులో ఏదో చదివి, మరొకరికి పంపబోతూ ఉంటారు. “ఎవరు చెప్పినార్రా?” అంటే “వాట్సాప్‌లో వచ్చింది తాతా” అంటారు. అదీ ఒక తోకే కాబోలు. “నువ్వు చూసినావా?” అంటాము. వాళ్ళు మా వెనుక నవ్వుకొంటున్నారని మాకు తెలుసు.

ఆయన 2004 ఈస్టరుకు రైలు దిగి, దంపతులిద్దరూ మా గుడికి వచ్చారు. మూడో వరుసలో తమ పాత చోటే. వదినగారి మెడలో గొలుసున్నది. ఆరాధన అయినాక మేము దగ్గరికి పోయి నిలబడితే ఏమంటారోనని గుండె కొట్టుకున్నది. ఆయన మా చేయి పట్టుకొని, చెవి దగ్గరికి వంగి, ఇంకెవరికీ వినబడకుండా అడిగారు:

“ఈ నెల పది రూపాయలు కట్టినారా?”