సింగపూర్‌లో పూతరేకు దొరికింది!

సింగపూర్ అనగానే పాత సినిమా ప్రియులకి 'అందమైన అనుభవం' గుర్తొస్తుంది. 1979లో వచ్చిన ఆ చిత్రంలో బాలచందర్ గారు కమల్‌హాసన్‌నీ, రజనీకాంత్‌నీ, జయప్రదనీ యీ వూళ్లో తెగ తిప్పారు. అయితే, వెండితెర షోకులతో పనిలేని సింగపూర్ యింకొకటి వుంది. అదే సెరంగూన్ రోడ్డు - లిటిల్ ఇండియా!

రైలు దిగి పైకి రాగానే మల్లెపూలు, అగరొత్తులు, దోసెలు - అన్నిటి వాసనా కలిసి మీద పడుతుంది. 1947లో మొదలైన కోమల విలాస్ హోటలు యిక్కడిదే. తమిళం యీ దేశపు నాలుగు అధికార భాషల్లో ఒకటి కాబట్టి బోర్డుల నిండా అదే. తెలుగుని మాత్రం వెతుక్కోవాలి. మైసూరుపాకు, జాంగ్రీ, మురుకులు అడుగడుగునా దొరుకుతాయి. పూతరేకులని అడిగితే మాత్రం కొట్టువాళ్లు అయోమయంగా చూస్తారు.

వాళ్లననీ లాభం లేదు. పూతరేకు అంత సుకుమారి మరి! ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగుతారు. క్షణంలో ఉల్లిపొర లాంటి రేకు లేచొస్తుంది. దానికి నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతపెడతారు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ గట్టిగా పట్టుకుంటే పొడి, తేమ తగిలితే ముద్ద. సింగపూరేమో భూమధ్యరేఖ పక్కనే వుంది, ఏడాది పొడవునా ఉక్క!

అయినా నేను వెతికింది మా బ్లాకులోని ఒక బామ్మగారి కోసం. మనవణ్ణి చూసుకోడానికి కొడుకు పిలిపించుకున్నాడు. పెళ్లికి ముందు ఆత్రేయపురంలో రేకులు తీసిన చెయ్యి ఆవిడది. "మాటాడే మనిషి లేదు నాయనా, నన్ను పంపించెయ్యమను" - యెప్పుడు కనిపించినా యిదే మాట. కొడుకు టికెట్టు సంగతి కూడా కనుక్కుంటున్నాడు.

చివరికి ఓ సందులోని ఆంధ్రా సరుకుల కొట్లో దొరికింది డబ్బా. పది రేకులు! పసిపిల్లని మోసినట్టు మోసుకొచ్చా.

బామ్మగారు వెంటనే తినలేదు. రేకుని వెలుతురుకి పెట్టి చూశారు. "మందంగా తీసింది. కొత్త పిల్లై వుంటుంది. మంట దగ్గర వేళ్లు కాలితేగానీ రాదురా యీ విద్య" అన్నారు. తర్వాత ఒకటి తిని, మరొకటి పక్కింటి చైనీస్ ముసలావిడ చేతిలో పెట్టారు.

ఆవిడ తిని, చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. మర్నాడు బామ్మగార్ని జూచియాట్ రోడ్డుకి లాక్కుపోయింది. తోడు నేనూ వెళ్లా. అక్కడ 'పోపియా' రేకులు చేస్తారు. మైదాముద్దని చేత్తో ఆడిస్తూ వేడి పెనం మీద యిలా తిప్పి అలా తీస్తే చాలు, పల్చటి పొర మిగులుతుంది. కూరలు చుట్టుకు తింటారు. బామ్మగారు అరగంట కదల్లేదు.

"ఒరే, యిది మన పనేరా!" అన్నారు.

యిప్పుడా యిద్దరూ రోజూ మార్కెట్టుకి కలిసే వెళుతున్నారు. ఒకరిది తెలుగు, ఒకరిది హొక్కియన్. సబ్‌టైటిల్స్ లేవు, అయినా కథ నడుస్తోంది. టికెట్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.