తొట్టి నేర్పిన పాఠం

పాయకరావుపేటలోని మా మదరసాలో వుజూ కోసం సిమెంటు తొట్టి ఒకటి ఉన్నది. దానిని పది రోజులకొకసారి కడగాలన్న నియమం నేను పెట్టినదే. గత వర్షాకాలంలో ఒక విద్యార్థి డెంగీ జ్వరంతో మంచం పట్టాడు. వాడి తల్లి వచ్చి, "హజ్రత్! ఇక్కడ నీళ్లు నిలవ ఉంటున్నాయా?" అని అడిగింది. "పది రోజులకొకసారి కడిగిస్తున్నామమ్మా" అని ధీమాగా చెప్పాను.

మరునాడు ఫజ్ర్ నమాజు తరువాత టార్చి వేసి తొట్టిలోకి చూశాను. కడిగి తొమ్మిది రోజులైంది. నీటిపై ఖాళీ పొట్టులు తేలుతున్నాయి. దోమలు ఎగిరిపోయాయి.

లోపం ఎక్కడో తరువాత చదివి తెలుసుకున్నాను. కీటకాలకు మనవలె స్థిరమైన శరీరోష్ణం లేదు. పరిసరాల వేడిమే వాటి ఎదుగుదల వేగాన్ని నిర్ణయిస్తుంది. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు రావడానికి నీరు 20 డిగ్రీల దగ్గర ఉంటే రెండు వారాలకు పైగా పడుతుంది. 30 డిగ్రీల దగ్గరైతే వారం, ఎనిమిది రోజులు చాలు. అంటే జనవరిలో సరిపోయిన నా నియమం ఆగస్టులో సరిపోదు. వేడి మరీ మించితే మాత్రం, 40 డిగ్రీల నీటిలో పిల్లపురుగులు బ్రతకజాలవు.

దోమ కడుపులోని రోగక్రిమికీ ఇదే లెక్క. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ క్రిమి దాదాపు 16 డిగ్రీలకు దిగువన ఎదగదు. వేడిమి పెరిగేకొద్దీ త్వరగా పక్వమవుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 26వ ఆయత్‌లో దోమ ప్రస్తావన ఉన్నది. ఆ ఆయత్‌ను ఎన్నో ఏళ్లు బోధించాను. కాని నా తొట్టిలోని దోమను ఏనాడూ పరికించలేదు.

అల్లాహ్ దయవల్ల పిల్లవాడు కోలుకున్నాడు. వాడిని కుట్టిన దోమ మా తొట్టిదో కాదో అల్లాహ్‌కే తెలుసు. అయినా ఆ తల్లి ఇంటికి వెళ్లి నా పొరపాటును ఒప్పుకున్నాను. "పిల్లలను మీకే అప్పగించాము కదా, హజ్రత్" అన్నది ఆమె. ఆ మాట నన్ను నేటికీ వదలలేదు.

ఇప్పుడు నాలుగు రోజులకొకసారి తొట్టిని ఖాళీ చేసి, గోడలను బ్రష్షుతో రుద్దుతున్నాము. నీటిని పారబోస్తే చాలదు. గోడకంటుకున్న గుడ్లు తడి లేకున్నా నెలల తరబడి బ్రతికి, నీరు తగలగానే పొదుగుతాయి. పరిశుభ్రతను బోధించే మనం మన ఇళ్లలోని డ్రమ్ములను, కూలర్లను, పూలకుండీల పళ్లాలను కూడా ఈ దృష్టితో చూడవలసి ఉన్నది.