ఆ ఒక్క ‘కే’

రాత్రి తొమ్మిదిన్నరకి పెరుగన్నం కలుపుకుంటుంటే మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, బెంజి. ఎనిమిది లక్షలకే!”

ఆ చివరి ‘కే’ ఉందే, దానితోనే నాకు పేచీ. ఎనిమిది లక్షలు అంటే అది అంకె. ఎనిమిది లక్షలకి అంటే బేరం నడుస్తోందని అర్థం. ఎనిమిది లక్షలకే అన్నాడంటే మనసులో ఎప్పుడో కొనేశాడు, మనకి ఫోన్ చేసింది అక్షింతలు వేయించుకోడానికి. తెలుగువాళ్ల ఇళ్లలో అక్కర్లేని సామానులో సగం ఈ ఒక్క అక్షరం పట్టుకొచ్చి పడేసిందే. మా అటక మీద మూడు వందలకే వచ్చిన ఇడ్లీ స్టాండ్లు మూడున్నాయి.

ఫోటోలు కూడా పంపాడు. 2014 మోడల్ ఈ క్లాస్, డీజిల్, వెండి రంగు, ఢిల్లీ నంబరు. నంబరు చూడగానే సగం కథ తెలిసిపోయింది. ఢిల్లీలో, దాని చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ అంది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. అప్పటినుంచీ అక్కడి పెద్ద డీజిల్ కార్లకి తొమ్మిదో ఏడు వచ్చేసరికి వానప్రస్థం మొదలు. దక్షిణాదికి బయల్దేరతాయి. హైదరాబాద్ శివారు యార్డుల్లో దిగి, తలంటు పోయించుకుని, టైర్లకి నల్లగా మెరుపు పూయించుకుని, మా బావమరిదిలాంటి వాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

అప్పట్లో 40 లక్షలు దాటిన కారు ఎనిమిది లక్షలకి వస్తుంటే కొనకపోవడమే నష్టం అని వాడి వాదన. కారు ధర పడింది, నిజమే. సామాను ధర పడిందా? దాని ఒక్క ఎల్ఈడీ హెడ్‌లైటు పగిలితే ఆ డబ్బుకి కొత్త స్కూటరు ఇంటికొస్తుంది. చితికిపోయిన జమీందారు ఏనుగుని చవగ్గా అమ్మాడనుకోండి, చవగ్గా అమ్ముడుపోయానని ఏనుగు మేత తగ్గించుకుంటుందా?

“సరే, ఏం చూడాలో చెప్పు బావా” అన్నాడు. అడక్కుండా ఉండాల్సింది. మా ఆవిడ కంచం తీసేసి, వంటింట్లో లైటు ఆర్పేసి వెళ్లి పడుకుంది. నేను మాత్రం చేతికి ఎండిపోయిన పెరుగుతో మాట్లాడుతూనే ఉన్నాను.

ముందు వాసన చూడమన్నాను.

పన్నెండేళ్ల క్రితం నేనూ ఒక విదేశీ కారు కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, పెళ్లిళ్లలో ఎదురుపడినా పలకరించుకోని చుట్టరికం మాది. డాక్టరుగారు వాడిన కారని చెప్పి అమ్మారు. ఎప్పుడూ డాక్టరే! ఇది వకీలుగారి కారు అని ఏ బ్రోకరూ అనగా వినలేదు. కాంట్రాక్టరు గారిది అని చచ్చినా అనడు. ఈ రాష్ట్రాల్లో అమ్ముడైన పాత కార్లన్నీ నిజంగా డాక్టర్లవే అయితే మన సందుకి ఇద్దరు డాక్టర్లు ఉండాలి, జ్వరమొస్తే టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చోవలసిన కర్మ మనకుండదు.

ఆ కారు డ్యాష్‌బోర్డు మీద నిమ్మకాయ వాసనేసే చిన్న సెంటు బుడ్డి ఉండేది. ఎంత శ్రద్ధ అనుకున్నాను. జూన్ వెళ్లింది, జులై వచ్చింది. ఒకరోజు రాత్రంతా వాన. రెండు గంటలప్పుడు కారు దానంతటది హారన్ కొట్టడం మొదలెట్టింది. చిన్న హారనా అది, బస్టాండు దద్దరిల్లే హారను. లుంగీ మీద కిందికి పరిగెత్తి తలుపు తీస్తే డ్రైవరు సీటు తనంతట తాను మెల్లగా ముందుకి జరుగుతోంది, ఎవరో కనపడని మనిషి సర్దుకు కూర్చుంటున్నట్టు. పై పోర్షన్‌లో ఉండే రిటైర్డు తాసీల్దారుగారు బాల్కనీలోంచి, “ఏవండీ, పూజ చేయించలేదా?” అన్నారు.

పూజ చేయించాను. చేయించనిది సన్‌రూఫ్ గొట్టాల శుభ్రం. పైన అద్దం చుట్టూ పడ్డ నీళ్లు కిందికి పోడానికి నాలుగు మూలలా సన్నటి గొట్టాలుంటాయి. ఆకూ అలమూ చేరి అవి మూసుకుంటే నీళ్లు లోపలికి దిగుతాయి. ఇలాంటి కార్లలో కంప్యూటర్ పెట్టెలు చాలావరకు సీటు కిందో, కార్పెట్ కిందో, డిక్కీ మూలనో ఉంటాయి. కార్పెట్ ఎత్తి చూస్తే అడుగున స్పాంజి మొత్తం నీళ్లు తాగి ఉంది. సీటు పట్టాల బోల్టులకి తుప్పు పొరలు పొరలుగా పట్టింది. అది ఆ ఏటి తుప్పు కాదు. నిమ్మకాయ వాసన దేనికోసమో అప్పుడు అర్థమైంది.

ఆనాటినుంచీ కారులో సెంటు బుడ్డి కనపడితే నాకు అనుమానమే. మొన్న మా మేనకోడలు కొత్త కారు కొని, షోరూమ్ నుంచి నేరుగా మా ఇంటికి తీసుకొచ్చింది. అద్దానికి మల్లెపూల వాసన కాగితం వేలాడుతోంది. నేను వంగి కార్పెట్ ఎత్తాను. ఆ పిల్ల ఇప్పటికీ నాతో మునపట్లా మాట్లాడ్డం లేదు.

కనక, ఏసీ ఆపి, అద్దాలు ఎత్తేసి, కారుని ఎండలో పావుగంట ఉంచి, అప్పుడు తలుపు తీసి ముక్కు లోపల పెట్టమన్నాను. తడి ముక్క వాసన రాకూడదు. సీటు బెల్టుని చివరంటా లాగి చూడాలి. నీట మునిగిన బండైతే చివరి జానెడులో మట్టి చార ఉంటుంది, దాన్ని కడగాలని ఎవరికీ తట్టదు. డిక్కీలో స్టెప్నీ కింద గుంటలో వేలు పెట్టి చూడాలి. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది. ఆ కార్లన్నీ ఎక్కడికి పోయాయనుకుంటున్నావు అని అడిగాను. వాడు ఆవలించాడు.

మీటరు గురించి చెప్పేదేముంది. ఏ పాత కారు చూసినా అరవై వేల కిలోమీటర్ల దగ్గరే తపస్సు చేస్తుంటుంది. స్టీరింగు తోలు నున్నగా అద్దంలా మెరుస్తున్నా, బ్రేకు పెడలు రబ్బరు గీతలు అరిగిపోయినా, డ్రైవరు సీటుకి తలుపు వైపు అంచు నలిగి కుంగినా అది లక్ష దాటిన శరీరం. టైరు మీద చివరి నాలుగంకెలు చూడు: 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం పుట్టింది. రెండో తాళం అడుగు. ‘ఇంట్లో ఉంది, పంపిస్తాం’ అంటే ఏ ఇంట్లోనూ లేదు. తాళం తిప్పగానే హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. ఎయిర్‌బ్యాగు దీపం అసలు వెలగకపోతే సంతోషించకు, ఎవరో దాని నోరు నొక్కేశారు.

కాగితాల సంగతి ఎవరైనా చెబుతారు. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35, ఢిల్లీ నుంచి ఎన్వోసీ, ఫారం 29, ఫారం 30, బాకీ ఉన్న చలాన్లు. ఒక్కటి మాత్రం నొక్కి చెప్పాను. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, దానికి లెక్క నువ్విచ్చిన ఎనిమిది లక్షలు కాదు, కారు పుట్టిన్నాటి ధరా, దాని వయసూ. అక్కడ ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మా మేస్త్రీ మాట ఒక ఎత్తు.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి అంబాసిడర్ చూసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. బారెడు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. మృదంగం శ్రుతి చూసే విద్వాంసుడి మొహం అది. కళ్లు తెరిచి, “మూడో దాంట్లో ఉంది అబ్బాయ్” అనేవాడు. విప్పితే మూడో దాంట్లోనే ఉండేది. పాత బండి చూడ్డానికి ఎవరు పిలిచినా ఆయనది ఒకటే షరతు. తెల్లారకముందు వెళ్లాలి, తాను వచ్చేదాకా బండిని ఎవరూ కదపకూడదు. “మొహం కడుక్కోకముందు చూడాల్రా బండిని” అనేవాడు. వెళ్లగానే తాళం అడిగేవాడు కాదు. బోనెట్ మీద అరచెయ్యి ఆనించేవాడు. వెచ్చగా ఉంటే అమ్మేవాడికి దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేసేవాడు.

ఆయన విద్య అంబాసిడర్లది. కానీ ఈ పెద్ద కార్లు వచ్చాకనే ఆ మాట విలువ నాకు తెలిసింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదటి ఐదారు సెకన్లు అది చెప్పే నిజం మళ్లీ రోజంతా చెప్పదు. టైమింగ్ చైను వదులైతే ఆ కాసేపే గలగలమంటుంది; ఆయిలు పైకెక్కాక నోరు మూసుకుంటుంది. బీఎండబ్ల్యూ పాత డీజిళ్లలో ఎన్47 అని ఒక ఇంజన్ ఉంది, 2007 నుంచి వచ్చింది. దాని చైను ఇంజన్‌కి వెనకవైపు, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. మన వాడు చూస్తున్న కాలపు బెంజి డీజిల్లోనూ చైను వెనకే. అంటే చైను మార్చాలంటే ఇంజన్‌నో గేర్‌బాక్సునో కిందికి దింపాలి. చైను ఖరీదు ఒకటి, దింపిన కూలి పది. పొగ కూడా అప్పుడే చూడాలి: నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది, తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే కూలెంటు. గేర్‌బాక్సు కుదుపూ చల్లటప్పుడే బయటపడుతుంది. గాలి సస్పెన్షన్ ఉన్న ఎస్ క్లాసైతే రాత్రి నిలబెట్టిన చోటికి పొద్దున వెళ్లి దూరం నుంచి చూస్తే చాలు. గాలి కారుతుంటే ఒక మూల కూలబడి ఉంటుంది. స్టార్ట్ చేశావా, కంప్రెసర్ గాలి ఊది నిమిషంలో లేపి నిలబెడుతుంది. సాక్ష్యం మాయం.

ఇక ఈ జర్మన్ల తెలివికి నేను దణ్ణం పెట్టే సంగతొకటి ఉంది. 2002లో వచ్చిన ఈ క్లాస్ తొలి కార్లలో ఎలక్ట్రానిక్ బ్రేకు పెట్టారు. మనం ఎన్నిసార్లు బ్రేకు తొక్కామో అది లోపల లెక్క రాసుకుంటుంది, అచ్చం చిత్రగుప్తుడే. చిట్టా నిండితే వర్క్‌షాపుకి పొమ్మని తెరమీద రాస్తుంది. 2006లో ఆ పద్ధతి మానేశారు. పాపం, వాళ్లు మన సిగ్నళ్లు చూసి ఉండరు. అమీర్‌పేటలో ఒక్క సాయంత్రం తొక్కే బ్రేకులు వాళ్ల ఊళ్లో నెల్లాళ్లకి సరిపోతాయి.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. వస్తామని ముందు చెప్పొద్దంటే బావమరిది చెప్పేశాడు, మర్యాదస్థుడు. ఆరున్నరకల్లా మియాపూర్ దాటి ఆ యార్డుకి చేరుకున్నాం. కారు కడిగి, గేటు దగ్గరికి తెచ్చి పెట్టారు. మూడుకోణాల నక్షత్రం మీద ఎండ పడుతోంది. చెప్పొద్దూ, నాకూ గుండె ఒకసారి ఆగింది. కుర్రాడు తాళం చేతికివ్వబోయాడు. నేను తీసుకోకుండా బోనెట్ మీద చెయ్యి వేశాను.

వెచ్చగా ఉంది.

“ఇప్పుడే కడిగాం కదా సార్, ఒకసారి తిప్పాం” అన్నాడు కుర్రాడు. బావమరిది నా మొహంలోకి చూస్తున్నాడు. నేను చెయ్యి తీయలేదు. తీయబుద్ధి కాలేదు. ఆ వెచ్చదనం నాకు తెలుసు.

1987 మాఘమాసం. తెనాలి దగ్గర పల్లెలో మా పిన్ని పెళ్లి. మగపెళ్లివారు కాంటెస్సాలో వచ్చారు. అప్పటికి మా ఊళ్లోకి కాంటెస్సా రాలేదు. ఇంగ్లండులో వాక్స్‌హాల్ విక్టర్‌గా పుట్టి, అక్కడ దాని కాలం చెల్లాక, 1984లో హిందుస్థాన్ మోటార్స్ చేతిలో మన దేశంలో మళ్లీ పుట్టిన కారది. ఒక విధంగా దేశం మొత్తానికీ సెకండ్ హ్యాండే. మాకేం తెలుసు! తెల్లగా, పొడుగ్గా, విడిదింటి ముందు పెట్రోమాక్స్ వెలుగులో నిలబడితే పెళ్లికొడుకుని చూసినవాళ్లు లేరు. పిన్ని కూడా కిటికీలోంచి ముందు కారునే చూసిందని మా అమ్మమ్మ చచ్చేదాకా దెప్పేది.

మంచు కురుస్తోంది. ముహూర్తం తెల్లవారుజామున. పెద్దవాళ్లు పందిట్లో కునుకుతున్నారు. మేం పది పన్నెండుమంది పిల్లలం కారు చుట్టూ చేరాం. ముట్టుకుంటే తంతాడని డ్రైవరంటే భయం. తెల్ల బట్టలు, జేబులో దువ్వెన. ఆయనే పిలిచి, “చలేస్తోందా? ఇక్కడ పెట్టండి చేతులు” అని బోనెట్ చూపించాడు. అందరం వరసగా అరచేతులు ఆనించాం. లోపల పెద్ద జంతువేదో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు అంత వెచ్చన. బదులుగా ఆయనకి బూరెలు కావాలన్నాడు. వంటశాలలోంచి లాగూ జేబులో పెట్టుకుని రెండుసార్లు తెచ్చాను. రెండోసారి తెచ్చేటప్పటికి ఆయన వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని నిద్రపోతున్నాడు.

తాళి కట్టిన బాజాకి లేచి మళ్లీ పరిగెత్తాం. బోనెట్ చల్లబడిపోయింది, దాని నిండా మంచు పట్టి ఉంది. మా పెద్దమ్మ కొడుకు వేలితో తన పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా. ఒక్కొక్కరూ రాసుకుంటూ వెళ్లారు. నా వంతు వచ్చేసరికి చోటు లేదు. డిక్కీ మీద రాద్దామని వెనక్కి వెళితే అక్కడ పెళ్లికొడుకు తమ్ముడు అప్పటికే తన పేరు రాస్తున్నాడు, ‘శ్రీ’ చుట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో.