బిడారు వెంట నడిచే ఓడ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్లలో ఎక్కడ నిలబడి చూసినా సముద్రం కానరాదు. మన పక్కనే పారే పెన్న నెల్లూరు దాటిన తరువాత గాని కడలిని చేరదు. అయినా ఓడలతో మనకు పొత్తు లేదనలేము. పదిహేడవ శతాబ్దంలో గండికోటను వశపరచుకొన్న మీర్ జుమ్లాకు సొంత నౌకలు ఉండేవి. అవి మచిలీపట్నం రేవు నుంచి దూరదేశాలకు సరకు మోసేవి. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆయనను కలుసుకున్నది గండికోటలోనే. నేడు ఆ ఓడలు మన పిల్లల సెల్‌ఫోన్లలోకి ప్రవేశించాయి.

నేను పాఠం చెప్పే ప్రొద్దుటూరు మదరసాలో పెద్ద తరగతి పిల్లలు కొందరు సెలవు దినాన ఒక నౌకాయుద్ధపు ఆట ఆడుతుంటారు. ధాన్యం, నూనె నింపుకొన్న ఓడలు బిడారుగా మెల్లగా సాగుతాయి. వాటి చుట్టూ రక్షక నౌకలను నిలిపి, శత్రు జలాంతర్గాముల బారిన పడకుండా రేవుకు చేర్చాలి. జమ్మలమడుగు నుంచి ఒక తల్లి వచ్చి, "హజ్రత్, వీని తండ్రి కువైట్‌లో ఉన్నాడు. నా మాట వినడు. ఫోను లాక్కోమంటారా?" అని అడిగింది. చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. అందుకే ఆ అబ్బాయి పక్కన కూర్చొని ఆట చూశాను. తరువాత దాని వెనుక ఉన్న చరిత్రను చదివాను.

మొదట నాకు కలిగిన సందేహం ఇది: ఓడలన్నింటినీ ఒక్కచోట చేర్చితే శత్రువుకు పని సులువు కాదా? దీనికి జవాబు పులివెందుల చీనీ తోటల్లో దొరుకుతుంది. చదరంగా ఉన్న ఒక ఎకరానికి కంచె వేయాలంటే సుమారు 835 అడుగులు కావాలి. నాలుగు ఎకరాలు నాలుగు చోట్ల ఉంటే నాలుగింతల కంచె కావాలి. అవే ఒక్కచోట చదరంగా ఉంటే రెండింతలు చాలు. ఓడల బిడారు కూడా అంతే. ఓడలు పెరిగినంతగా కాపలా కాయవలసిన చుట్టుకొలత పెరగదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో భౌతికశాస్త్రవేత్త బ్లాకెట్ బృందం లెక్కలు వేసి, పెద్ద బిడారులే తక్కువ నష్టంతో గమ్యం చేరుతాయని తేల్చింది. పైగా విశాల సముద్రంలో విడివిడిగా పోయే నలభై ఓడలలో ఏదో ఒకటి శత్రువు కంటపడటం తేలిక. ఒకే గుంపు అతనికి తారసపడటం అరుదు.

కాపు లేని ఓడల గతి ఏమవుతుందో మన తీరమే చూసింది. 1942 ఏప్రిల్‌లో జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడింది. కలకత్తా రేవును ఖాళీ చేయించి పంపిన వర్తక నౌకలు రక్షక నౌకలు లేకుండా చిన్న చిన్న గుంపులుగా బయలుదేరాయి. కొద్ది దినాలలోనే దాదాపు ఇరవై ఓడలు మునిగిపోయాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ కాలపు బ్రిటిష్ వర్తక నౌకలలో పనిచేసిన భారత నావికులు వేలాది మంది. వారిలో సిల్హెట్, చిట్టగాంగ్ ప్రాంతాల ముస్లిములు అనేకులు. ఆటలో ఓడ మునిగితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. వారి ఇళ్లలో మాత్రం ఎదురుచూపులే మిగిలాయి. ఈ మాట ఆ అబ్బాయికి చెప్పినప్పుడు అతడు ఫోను పక్కన పెట్టి విన్నాడు.

ఓడల కాపలాను ఆటగా ఆడటం కూడా కొత్త కాదు. 1942లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో, క్షయవ్యాధి వలన అంతకు ముందే నౌకాదళ సేవ నుంచి తప్పించబడిన గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని తిరిగి పిలిచి ఒక శిక్షణ విభాగం ఏర్పాటు చేశారు. గది నేలను గళ్లుగా విభజించి, సుద్దముక్కలతో ఓడల దారులు గీసి, అధికారులను తెరల వెనుక నిలిపి ఆడించేవారు. సముద్రం మీద కనిపించినంత మేరకే తెర సందులోంచి కనిపించేది. ఆ ఆటను నడిపినవారు ఎక్కువగా ఇరవై ఏళ్ల ప్రాయపు యువతులు. శత్రువు బయటి నుంచే దాడి చేస్తాడని అందరూ అనుకునేవారు. జలాంతర్గామి రాత్రివేళ వెనుక నుంచి బిడారు నడుమకే చొరబడుతోందని ఆ నేల మీద ఆటే తేల్చింది. ఆ విభాగంలో దాదాపు అయిదు వేల మంది అధికారులు శిక్షణ పొందారు.

మా విద్యార్థి కూడా అక్కడే ఓడిపోతున్నాడు. దూరాన శత్రువు కనబడగానే రక్షక నౌకలన్నింటినీ వేటకు పంపేస్తాడు. ఇంతలో వెనుక నుంచి మరొకటి వచ్చి ధాన్యపు ఓడలను ముంచుతుంది. అతనికి ఉహుద్ సంఘటన గుర్తుచేశాను. హిజ్రీ 3వ సంవత్సరంలో దైవప్రవక్త (స) యాభై మంది విలుకాండ్రను అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) నాయకత్వాన గుట్ట మీద నిలిపారు. గెలుపైనా ఓటమైనా స్థానం విడువవద్దని ఆదేశించారు. గెలుపు కనిపించగానే అధికులు దిగిపోయారు. అప్పటికి ఇంకా ఇస్లాం స్వీకరించని ఖాలిద్ బిన్ వలీద్ అశ్వికదళంతో వెనుక నుంచి వచ్చారు. కాపలాదారు పని శత్రువును తరిమి పేరు తెచ్చుకోవడం కాదు, అప్పగించిన దానిని భద్రంగా చేర్చడం. అవసరమైతే ఎదురు నిలవడమూ అందులో భాగమే. 1942 నవంబరు 11న 'బెంగాల్' అనే చిన్న భారత నౌక, తన వెంట ఉన్న డచ్చి చమురు ఓడను తప్పుకొని పొమ్మని, తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాను నౌకలకు ఎదురేగింది. చివరకు తానూ, ఆ చమురు ఓడా రెండూ రేవు చేరాయి.

ఆ తల్లికి నేనిచ్చిన జవాబు ఇది: "ఫోను లాక్కోవద్దమ్మా, హద్దు పెట్టు. నమాజు వేళ ఆట ఉండరాదు. డబ్బు కట్టి కొనేవి, పందెం కాసేవి అసలే వద్దు. ఇషా తరువాత ఫోను నీ దగ్గర ఉండాలి." అయితే ఈ భారమంతా ఆమె ఒక్కదాని మీద మోపడం న్యాయం కాదు. కువైట్ నుంచి ప్రతినెలా డబ్బు పంపే తండ్రి సరకు ఓడ వంటివాడు. దారి పొడవునా ఆ కుటుంబాన్ని కాచేవారు ఇక్కడ ఉండాలి. మన కడప జిల్లాలో ఇటువంటి ఇళ్లు ఎన్నో. మామ, బాబాయి, పొరుగింటి పెద్ద, మదరసా ఉపాధ్యాయుడు కలిసి నిలిస్తే తలా కొంచెమే కాపలా పడుతుంది. ఇషాకు మసీదుకు వెళ్లే మేనమామ దారిలో ఆ ఇంటి తలుపు తట్టి, అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లాలని కబురు చేశాను. ఆయన ఒప్పుకున్నారు.