పళ్ళు కనిపించని ఫొటో

నా నవలల వెనక అట్ట మీద ఫొటో చూసినవాళ్ళు, "మీరు చాలా గంభీరంగా ఉంటారండీ" అంటుంటారు. గాంభీర్యమూ లేదు, పాడూ లేదు. నోరు తెరిస్తే పళ్ళు కనిపిస్తాయని భయం. నా ముందు పళ్ళ మీద బూడిదరంగు చారలు అడ్డంగా, చీర అంచుల్లాగా ఉంటాయి. ఎంత తోమినా పోవు. కాలేజీలో ఒకమ్మాయి, "నువ్వు వక్కపొడి నములుతావా?" అని అడిగింది. ఆ రోజు నుంచి నవ్వొస్తే చాలు, చెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోతుంది.

నాకు మూడేళ్ళప్పుడు మాటిమాటికీ జ్వరం వచ్చేదట. సైకిలు మీద తిరిగే మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుగారు టెట్రాసైక్లిన్ ఇచ్చేవారు. అమ్మ ఆ క్యాప్సూల్ విప్పి, పసుప్పచ్చటి పొడిని తేనెలో రంగరించి నాకించేది. జ్వరం తగ్గేది. ఆయన దేవుడు! ఎదిగే పళ్ళలోని కాల్షియాన్ని పట్టుకుని ఆ మందు అక్కడే ఉండిపోతుందని వైద్యులు 1950లలోనే గుర్తించారు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకూడదన్న కబురు మా ఊరిదాకా రాలేదు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాకగానీ మాకు తెలియలేదు.

ఇలాంటి పళ్ళున్నదాన్ని, కన్నకొడుక్కి మందు వెయ్యాలంటే ఎలా ఉంటానో మీరే ఊహించుకోండి. వాడికి నాలుగేళ్ళప్పుడు ఒక రాత్రి చెవిపోటు. తెల్లవార్లూ ఏడుపు, పొద్దున దిండు మీద చీము. డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసి, వాణ్ణి తూకం మీద నిలబెట్టి, బరువును బట్టి లెక్కకట్టి అమాక్సిసిలిన్ పొడిమందు రాసింది. కాచి చల్లార్చిన నీళ్ళు సీసా మీది గీత దాకా పోసి, బాగా కుదిపి, రెండు పూటలా ఏడు రోజులు. మూడో రోజుకి పోటు తగ్గింది, విరేచనాలు పట్టుకున్నాయి. అంతే, నా నాలుక నా పళ్ళ మీదికి పోయింది. ఇంక చాల్లే అని సీసా తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపులో పెట్టేశాను. మావారు అడిగితే, "నేను తల్లిని" అన్నాను. నవలల్లో అయితే ఆ మాటకి ఎదురుండదు.

ఆరో రోజుకి మళ్ళీ జ్వరం, మళ్ళీ చీము.

డాక్టరమ్మకి నిజం చెప్పాను, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే. ఆవిడ తిట్టలేదు. "చెయ్యి తియ్యండి" అంది. "టెట్రాసైక్లినా?" అని ఇట్టే గుర్తుపట్టింది. ఇది దానిలా పళ్ళలో ఇంకిపోయే మందు కాదనీ, విరేచనాలు చాలామంది పిల్లలకి అవుతాయనీ, ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం లాంటివి వస్తే మాత్రం వెంటనే ఆపి పరుగెత్తుకు రావాలనీ చెప్పింది. "చెవికి రెండేళ్ళ లోపు పిల్లలకి పది రోజులిస్తాం, అంతకన్నా పెద్దవాళ్ళకి తగ్గిస్తాం. తగ్గించేది మేము. భయం వేస్తే ఫోన్ చెయ్యండి. సీసా దాచకండి."

తర్వాత చదివాను. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఒక చిన్న కథ అల్లాడు. గొంతునొప్పికి చాలీచాలని పెన్సిలిన్ వేసుకున్న మొగుడు, దానికి రాటుదేలిన క్రిముల్ని పెళ్ళానికి అంటిస్తాడు. ఆవిడకి పెన్సిలిన్ పనిచెయ్యక చచ్చిపోతుంది. మనవల్ల కాదు బాబూ, ఇంత క్లుప్తంగా చెప్పడం.

ఆ వానల్లో మావాడికి జలుబు చేసింది. మా ఇంటికొచ్చిన అమ్మ ఫ్రిజ్‌లోంచి ఆ పాత సీసా తీసి, "ఒక చెంచా వేద్దామే, డబ్బులు పెట్టి కొన్నదేగా" అంది. నీళ్ళు కలిపాక ఆ మందు వారం రెండు వారాలకి మించి పనికిరాదు. పైగా జలుబు వైరస్ చేసే పని, యాంటీబయాటిక్ దాని జోలికే పోదు. వాడి ఒంట్లోని మిగతా క్రిములకి మాత్రం ఆ మందు అలవాటవుతుంది. ఇదంతా చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాననుకుంటాను.

అమ్మ సీసా నా చేతిలో పెట్టేసింది. కాసేపు నా మొహంలోకి చూసింది.

"నీకు వేసినప్పుడు నాకెవరూ చెప్పలేదే" అంది. ఇన్నేళ్ళలో ఆ ఊసు తనంతట తను ఎత్తడం అదే మొదటిసారి.

"తెలుసులేమ్మా."

"ఆ చారలు పోవా?"

"పోవు. పైన పూతలాగా ఏదో వేస్తారట."

"ఎంతవుతుందో కనుక్కో" అంది అమ్మ, అల్లం దంచడానికి లేస్తూ. "మీ నాన్న పెన్షన్ డబ్బులున్నాయి నా దగ్గర."